ఒర్నెల్లా పుట్టిన ఏటి వైన్

ఎల్వియో అన్నయ్యకి,

ఇక్కడ అంతా బాగానే ఉందని రాద్దామని కూర్చున్నాను గానీ అలా రాయలేకపోతున్నాను. నీ కూతురు ఒర్నెల్లా పుట్టిన ఏడు నాన్న నేలమాళిగలో దాచిన ఎర్ర వైన్ గుర్తుందిగా? ఏటా చలికాలంలో ఒక సీసా తీసి, గ్లాసు వంచి దీపానికి పట్టి, "వైన్ అంచు ఇంకా ఇటుకరంగుకి తిరగలేదర్రా, మాగలేదన్నమాట. దానికేం తొందర లేదు, తొందరంతా మీకే!" అని మనల్ని వెక్కిరించేవాడు.

నిన్న పట్నంలో డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లొచ్చాడు. ఆయన ఏమన్నాడో నాకు చెప్పలేదు. టోపీ అయినా తియ్యకుండా కిందికి దిగి సీసా తెచ్చాడు. అంచు వంక చూడనేలేదు. ఒక గుక్క తాగి, "మాగింది. ఆదివారం భోజనానికి అందర్నీ రమ్మను" అన్నాడు.

నేనూ తాగి చూశాను. నోరు పిడచకట్టేంత వగరు. ఇంకో పదేళ్లయినా ఆగాలి. "నాన్నా, ఇదింకా..." అనబోతే, "నోర్మూసుకోవే, నీకేం తెలుసు!" అని కసిరాడు. కసిరాడే గానీ, పట్టుకున్న నా చెయ్యి మాత్రం వదల్లేదు.

నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా. ఆదివారం పిల్లని తీసుకుని తప్పకుండా రా. వైన్ ఎలా ఉందని నాన్న అడిగితే మొహం చిట్లించకు. "బాగా మాగింది నాన్నా" అను. ఆ మాట నేనొక్కదాన్నే అనలేను.

నీ చెల్లి