మూడుసార్లు అడగని పెట్టె

టెహ్రాన్

నా రెండు కళ్లలాంటి పిన్ని తూబా ఖాలేకి, అక్క కొడుకు హూమన్ సలాములు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మీకు దూరంగా ఉన్నానన్న దిగులు తప్ప.

మీ ఉత్తరం బస్సు డ్రైవర్ యదుల్లా భద్రంగా తెచ్చి ఇచ్చాడు. ప్రతి గురువారం మీ ఇంట్లో కూడే మీ స్నేహితురాళ్లంతా ఇప్పుడు అక్దస్ ఖానుమ్ గారింటికి పోయి పెద్ద టీవీలో సీరియల్ చూస్తున్నారని, మీ గదిలో కుర్చీలు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయని రాశారు. చదివి నా గుండె చెరువైపోయింది. మీరూ ఆవిడా నలభై ఏళ్ల స్నేహితులు. టీ కాచుకునే ఒక్క సమోవర్ కోసం ఏడాదిగా మాటల్లేకపోవడం ఏమిటి, ఖాలే?

మీరు ఒక్క మాట ఆజ్ఞాపించండి చాలు. మీ టీవీకి తగిలించుకునే సినిమా పెట్టె నా చేతులతో నేనే కట్టి పంపుతాను. ప్రాణమే మీదైనప్పుడు పెట్టె ఎంత?

మీ గుమ్మం ముందు మట్టి,
హూమన్

తా.క. ఈ మధ్య ఆఫీసులో ఊపిరాడనంత పని. ఊరికే చెబుతున్నాను.

*

యజ్ద్

హూమన్ జాన్, నూరేళ్లు చల్లగా ఉండు.

ఆజ్ఞాపించాను. గురువారం లోపు పంపు.

నీ ఖాలే,
తూబా

తా.క. ‘అయ్యో, నీకెందుకు నాయనా శ్రమ, వద్దు’ అని నేను రెండుసార్లైనా అనాలని నాకూ తెలుసు. ఆ మర్యాదలకు పోయే కదా ఈ గతి పట్టింది. అక్దస్ మా అమ్మ సమోవర్ చూసి ‘ఎంత బాగుందే!’ అంది. ఇంటికొచ్చిన మనిషి ఏదైనా బాగుందంటే ‘పీష్‌కష్, మీదే అనుకోండి’ అనకుండా ఉంటామా? అన్నాను. ఎత్తుకుపోయింది! ఇప్పుడు దాంట్లోనే టీ కాచి నా స్నేహితురాళ్లకే పోస్తోంది కాబోలు. ఇకనుంచి నేనూ అక్దస్ లాగే మొదటి మాటకే పుచ్చుకుంటాను. నీతోనే మొదలు.

రెండో తా.క. నీ ఉత్తరం ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. బడిలో చేతిరాత నేర్పి రిటైరైనదాన్ని, చూస్తూ ఊరుకోలేను. ఇరవైకి పదమూడు. ‘ప్రాణమే మీది’ అన్న చోట నీ చెయ్యి వణికింది.

*

టెహ్రాన్

ప్రేమమూర్తి తూబా ఖాలేకి సలాములు.

మీ ఆజ్ఞ అందింది. కాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, తర్వాత కంప్యూటర్ బజారుకు వెళ్లాను.

పెట్టె తయారైంది. మిఠాయి డబ్బా అంత ఉంటుంది. చాలామంది ఇలాంటి వాటిలో బొమ్మల కోసం విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు పెడతారు. అది ఇటుకంత లావుంటుంది, వేడెక్కుతుంది, ఫ్యాను వేసుకుని గుర్రు పెడుతుంది. మీ పెట్టెకు అది అవసరం లేదు. లెక్కలు చేసే ప్రాసెసర్‌లోనే బొమ్మలు వేసే భాగం కూడా ఉంది. వండే మనిషే వడ్డిస్తుందన్నమాట. సినిమాలకూ సీరియళ్లకూ అది చాలు, పైగా చప్పుడుండదు.

దాన్ని నడిపించేది లైనక్స్. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మన భాషలోనే మాట్లాడుతుంది. మీ సీరియల్ భాగాలన్నీ లోపల ఎక్కించాను. రిమోట్ తీసుకుని, అది అడిగిన దానికి జవాబు చెబితే చాలు.

మీ సేవకుడు,
హూమన్

తా.క. డబ్బా రేకు గీసుకుని రెండు వేళ్లు తెగాయి. ఇదీ ఊరికే చెబుతున్నాను.

*

యజ్ద్

హూమన్ జాన్, నీ వేళ్లకు పసుపు రాసుకో.

పెట్టె చేరింది. చూడ్డానికి ముద్దుగా ఉంది. బోసిగా ఉంటే బాగోదని నేను అల్లిన లేసు గుడ్డ, ఆ పైన మీ బాబాయి ఫోటో, పక్కన ప్లాస్టిక్ గులాబీలు పెట్టాను.

ఇక మనసులో మాట. కరెంటు సామాన్ల కొట్టు ఫల్లాహ్‌ని పిలిచి మూత తీయించాను. లోపల టార్చి వేసి చూసి నాలుక చప్పరించాడు. ‘కార్డు లేదు ఖానుమ్. సగం డబ్బా ఖాళీయే. మీ అక్కగారబ్బాయి మిమ్మల్ని చీకట్లో పెట్టాడు’ అన్నాడు. వండే మనిషే వడ్డిస్తుందని చెప్పాను. ‘అయితే వడ్డన ఆలస్యమవుతుంది’ అన్నాడు. వాడి నోట్లో ఏ దెయ్యముందో, అలాగే అయింది. సీరియల్ ముందుకు కదలడం లేదు! ఎప్పుడు పెట్టినా మొదటినుంచే వస్తుంది. పెళ్లికూతురు మేడమీద అద్దం ముందు కూర్చుంటుంది, జడ దువ్వుకుంటుంది, నాకు నిద్ర ముంచుకొస్తుంది. మర్నాడు పెడితే మళ్లీ అద్దం, మళ్లీ జడ. తెర మీద ఏదో అడుగుతుంది, నేను తగిన మర్యాదతోనే జవాబిస్తున్నాను. అయినా అంతే.

నీ కోసం దువా చేసే
తూబా ఖాలే

తా.క. ఎవరో ఉచితంగా ఇచ్చారన్నావు. నువ్వు రెండుసార్లు వద్దన్నావా లేదా? మొదటి మాటకే తీసేసుకున్నావా? మనం లేనివాళ్లమని అనుకుని ఉంటారు. ఒక డబ్బా ఖొత్తాబ్ మిఠాయిలు చేసి పంపుతున్నాను, బాదం ఎక్కువ వేశాను. ఆ లైనక్స్ వాళ్లకు తలా ఒకటి అందేలా చూడు.

రెండో తా.క. చేతిరాత ఇరవైకి పదకొండు. వేళ్లు తెగాయి కాబట్టి ఒక మార్కు కలిపాను.

*

టెహ్రాన్

తూబా ఖాలేకి కంగారుతో సలాములు.

దయచేసి ముందు ఆ లేసు గుడ్డ తీసేయండి. ఫ్యాను లేని పెట్టె ఖాలే, దానికి గాలే ఊపిరి. బాబాయిని గోడకు తగిలించండి. వేడి తలకెక్కితే ప్రాసెసర్ బొమ్మలు వేయలేక తడబడుతుంది.

కానీ సీరియల్ ముందుకు కదలకపోవడం వేడి వల్ల కాదు. డిస్కు ఎక్కడో చెడి, మీరు ఆపిన చోటు గుర్తుపెట్టుకోలేకపోతోందని నా అనుమానం. కొత్త డిస్కు యదుల్లాతో పంపుతున్నాను. ఇక్కడ నా పెట్టెలో పెట్టి చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి, నాకే పిచ్చెక్కేలా ఉంది. తెర మీద అది అడుగుతున్నదేమిటో, మీరు చెబుతున్నదేమిటో ఉన్నదున్నట్టు రాయండి.

తల గోక్కుంటున్న
హూమన్

తా.క. ఖొత్తాబ్ అమృతం. లైనక్స్ వాళ్లందరి తరఫున మా ఆఫీసువాళ్లు తిన్నారు. ఇంకేమైనా ఉచితంగా ఇవ్వమంటారా అని అడుగుతున్నారు.

*

యజ్ద్

హూమన్ జాన్,

కొత్త డిస్కు ఫల్లాహ్ బిగించాడు. పెళ్లికూతురు ఇంకా మేడమీదే ఉంది.

ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాస్తున్నాను. రిమోట్ నొక్కగానే ‘ఆపిన చోటినుంచి చూస్తారా?’ అంటుంది. వెంటనే సరే అంటే ఎంత ఆత్రం అనుకుంటుందని, పద్ధతిగా ‘వద్దు’ అంటాను. మళ్లీ అడుగుతుందని చూస్తాను. అడగదు! ఒక్కసారికే మొహం తిప్పేసుకుని మొదటినుంచి పెట్టేస్తుంది. మొన్న ‘కొత్త మార్పులు వచ్చాయి, ఎక్కించమంటారా?’ అంది. శ్రమ ఎందుకని వద్దన్నాను. మళ్లీ ఊసే ఎత్తలేదు. వద్దంటే నిజంగానే వద్దనుకునేవాళ్లు ఉంటారా? దీన్ని పెంచినవాళ్లెవరు?

మొన్న గురువారం ఆడవాళ్లందరినీ బతిమాలి పిలిచాను. అక్దస్ రాలేదు. వచ్చినవాళ్లు అద్దం చూశారు, జడ చూశారు. మోనీరె కుర్చీలోనే నిద్రపోయింది. వెళ్తూ వెళ్తూ ‘వచ్చేవారం కూడా పెళ్లికూతురు దిగకపోతే అక్దస్ ఇంటికే పోతాం, ఏమీ అనుకోకు’ అన్నారు. ఇక ఈ ఒక్క గురువారమే ఉంది నాకు.

నీతో దాపరికం ఎందుకు? సమోవర్ పోతే పోనీ. అక్దస్ నవ్వితే మా వీధి చివరిదాకా వినపడేది. ఏడాదిగా నా గదిలో ఆ నవ్వు లేదు. ఎంతమంది వచ్చి కూర్చున్నా నాకు ఇల్లు నిండినట్టు ఉండడం లేదు.

నీ
తూబా ఖాలే

తా.క. ఫల్లాహ్ ఇంకా కార్డు లేదనే అంటున్నాడు. దీనికి లేనిది కార్డు కాదురా, పెంపకం.

*

టెహ్రాన్

తూబా ఖాలేకి సలాములు.

మీ ఉత్తరం చదివి ముందు తల పట్టుకున్నాను, తర్వాత నేల మీద దొర్లి నవ్వాను, చివరి పేరా దగ్గర కళ్లు తుడుచుకున్నాను. తప్పు పెట్టెదీ కాదు, మీదీ కాదు. దాన్ని రాసినవాళ్లెవరికీ మీలాంటి ఖాలే లేదు, అంతే.

లైనక్స్‌లో మంచి సంగతి ఏమిటంటే, లోపలి రాతలన్నీ తెరిచే ఉంటాయి. ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. కూర్చుని దానికి మర్యాద నేర్పాను. దీంతో పంపిన ఈ చిన్న పెన్‌డ్రైవ్‌ని పెట్టె వెనక గుచ్చి కాసేపు ఆగండి, చాలు. ఇకనుంచి ఏదైనా మూడుసార్లు అడుగుతుంది. మొదటి రెండు జవాబులు ఏవైనా సరే, నమ్మదు. మూడోసారి మీరు చెప్పిందే మీ మనసులో మాట అని తీసుకుంటుంది.

ఈ గురువారం మీ పెళ్లికూతురు మేడ దిగకపోతే నన్ను హూమన్ అని పిలవకండి.

మీ వాడు,
హూమన్

తా.క. ఇంకా ఏం కావాలన్నా మొహమాటపడకండి. మీ కోసం ఇలాంటి పెట్టెలు ఇంకో పదైనా కడతాను!

*

యజ్ద్

నా బంగారు హూమన్ జాన్,

దిగింది! పెళ్లికూతురు మేడ దిగింది! జరిగిందంతా వరసగా చెబుతాను, మధ్యలో లేవకు.

మర్యాద తెలిసిన పెట్టె వచ్చిందని మోనీరె ఊరంతా చాటింది. గురువారం గది నిండిపోయింది. తలుపు చప్పుడైతే తీశాను, ఎదురుగా అక్దస్. చూడ్డానికి వచ్చినట్టు లేదు, దారి తప్పి వచ్చినట్టు నిలబడింది. లోపలికి రమ్మన్నాను. వద్దంది. మళ్లీ రమ్మన్నాను. పనుందంది. మూడోసారికి చెప్పులు విడిచింది. ఎక్కడో మూల కుర్చీలో కూర్చుంది. నేను దాని వైపు చూడలేదు, అది నా వైపు చూడలేదు.

రిమోట్ నొక్కాను. పెట్టె అడిగింది: ‘ఖానుమ్, అడగడానికి సిగ్గుగా ఉంది, ఆపిన చోటినుంచి చూపించమంటారా?’

వద్దన్నాను.

‘అలా అనకండి ఖానుమ్, నా మనసు నొచ్చుకుంటుంది.’

నీకెందుకులే శ్రమ అని మళ్లీ వద్దన్నాను.

‘నా మీద ఒట్టు, ఈ ఒక్కసారికి నా మాట కాదనకండి!’

‘ఇంతగా అడుగుతున్నావు కాబట్టి’ అని సరే నొక్కాను. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ‘ఎంత మంచి ఇంట్లో పుట్టిందో!’ అంది మోనీరె. పెళ్లికూతురు జడ వదిలేసి లేచి మెట్లు దిగింది.

అప్పుడు మూలనుంచి అక్దస్ గొంతు. ‘చూశావా తూబా? రెండుసార్లు వద్దన్నావు, మూడోసారి సరే అన్నావు. నేను చేసిందీ అదే కదా? సమోవర్ బాగుందన్నాను. పీష్‌కష్ అన్నావు, వద్దన్నాను. మళ్లీ అన్నావు, మళ్లీ వద్దన్నాను. మూడోసారి ఏకంగా తెచ్చి నా ఒళ్లో పెట్టావు. అప్పుడు కూడా వద్దంటే నిన్ను చెంపదెబ్బ కొట్టినట్టు కాదూ?’

మోనీరె వెంటనే ‘నిజమే, ఒళ్లో పెట్టావు. నేను పక్కనే ఉన్నా’ అంది. ఎప్పుడూ నిద్రపోయే మనిషి ఆ రోజే మెలకువగా ఉండాలా?

‘పెట్టానేమో’ అన్నాను. ‘అంతమంది ముందు రెండుతో ఆపేస్తే ఏం బాగుంటుంది?’

అక్దస్ తల మీది చాదర్ అంచుతో కళ్లు తుడుచుకుంది. ‘ఏడాదిగా దాంట్లో ఒక్క చుక్క నీళ్లు పోయలేదే. వారం వారం తోమి, మెరుగుపెట్టి, గుడ్డ కప్పి ఉంచాను. నువ్వు వస్తావు, సమోవర్ బాగుందంటావు, నేను పీష్‌కష్ అంటాను, తీసుకుపోతావని చూశాను. నువ్వు నా గడపే తొక్కలేదు’ అంది.

హూమన్, లేచి వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఎందుకు నవ్వామో తెలియదు గానీ నవ్వాం. దాని నవ్వు వీధి చివరిదాకా వినపడింది, ఫల్లాహ్ కొట్టు వదిలి పరుగెత్తుకొచ్చాడు, పెట్టె పేలిందేమోనని.

కళ్లు తుడుచుకుని అక్దస్ పెట్టెను చేత్తో తడిమింది. ‘ఏమైనా తూబా, ఎంత బాగుందే ఇది!’ అంది.

నా నోరు నా మాట వినదు కదా. పీష్‌కష్ అన్నాను. అదీ ఒకసారి కాదు.

తీసుకుపోయింది. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. గుడ్డ తీయించి ‘అక్దస్, ఈ సమోవర్ ఎంత బాగుందో!’ అన్నాను. పీష్‌కష్ అంది. పద్ధతి ప్రకారం రెండుసార్లు వద్దన్నాను. మూడోసారికి చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. ఇప్పుడు గురువారం టీ మా ఇంట్లో, సీరియల్ వాళ్లింట్లో. మధ్యలో వీధంతా మా నవ్వులే.

నీ వేళ్లు ముద్దాడే
తూబా ఖాలే

తా.క. అక్దస్ మొదటిసారే సరే నొక్కుతుంది. పెట్టె నమ్మదు, మళ్లీ అడుగుతుంది. ‘సరే అన్నాక కూడా అడుగుతావేం? అచ్చం తూబా వంశమే!’ అని దాన్ని తిడుతోంది. ఇద్దరికీ బాగా కుదిరింది.

రెండో తా.క. నీ ఉత్తరానికి ఇరవైకి ఇరవై. ‘ఇంకో పదైనా కడతాను’ అన్న వాక్యం ముత్యాల్లా ఉంది, చెయ్యి ఎక్కడా వణకలేదు. కాబట్టి మనస్ఫూర్తిగానే అన్నావని తెలిసింది. పది ఏం చేసుకుంటాం నాయనా, మొహమాటం తెలిసినవాళ్లం. ఒక్కటి చాలు. గురువారం లోపు.