మగ్గాల షెడ్డు మాటలు

బావా,

అక్కతో చెప్పించిన కబురు అందింది. "చెవులు పూర్తిగా పోయాయి, వాయిదాకి నేనొచ్చి ఏం వినాలి?" అన్నావట. నిన్ను ఫోన్లో తిట్టే వీలు లేదు కాబట్టి రాస్తున్నాను.

దివాలా తీసిన మన మిల్లు పింఛన్ల సంగతి తేల్చే ఆఫీసుకి నిన్న అందరం వెళ్లాం. మళ్లీ వాయిదా వేశారు. హాల్లో మాట్లాడకూడదని బోర్డు పెట్టారు. కాసేపు బుద్ధిగా కూర్చున్నాం. ఇంతలో అవతలి గోడ దగ్గర్నుంచి మన ఫిట్టరు "టీకి పోదామా?" అని సైగ చేశాడు. మగ్గాల మోతలో మాట వినపడక మనం చేసుకునే సైగే బావా! అంతే, హాలంతా చేతులు లేచాయి. మేస్త్రీ నడక, క్యాంటీనువాడి పిసినారితనం, అన్నీ వచ్చేశాయి. ఒక్క మాటైనా లేకుండా అందరం పగలబడి నవ్వుతుంటే గుమాస్తా బిత్తరపోయి, "ఏమైందండీ మీకు?" అన్నాడు.

మేనేజరు గొడుగు కథ నేనే ఎత్తుకున్నాను. సగంలో మరిచిపోయి దిక్కులు చూశాను. అది నీ చేతుల్లోనే పండే కథ. వచ్చే వాయిదాకి రా. అక్కడ చెవులతో పనేం లేదు.

డబ్బొచ్చేలోపు ఎవరుంటామో, ఎవరు పోతామో. ఆ గొడుగు చివరికి ఏమైందో తెలియకుండా మాత్రం నేను పోను.

నీ పక్క మగ్గం,
బామ్మర్ది