తిరిగే కాలు

1975 నవంబరు 3, ఖుర్సీపార్

ఉదయం దుర్గ్ స్టేషన్లో దిగాను. హౌరా నుంచి కూర్చునే వచ్చాను, ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. పెళ్ళయిన నెలకే కలకత్తా వెళ్ళినవాణ్ణి, ఫుట్‌బాల్ సీజను అయ్యాక ఇప్పుడే రావడం. పార్వతి గుమ్మంలో నిలబడి నవ్వింది. మావయ్య తన పిండి చక్కీ ఆపి మరీ లేచాడు. "అల్లుడుబాబుకి కుర్చీ ఎయ్యండర్రా!" ఇనప కుర్చీ... నాకోసం అటక మీంచి దింపారు.

నవంబరు 4

వీధిలో అందరివీ రెండే ప్రశ్నలు. "ఎప్పుడొచ్చేవు?" "మళ్ళీ ఎప్పుడు ఎల్తావు?" రెండింటి మధ్యా ఊపిరి కూడా తీసుకోరు.

నవంబరు 7

క్లబ్బులు ఆటగాళ్ళ చేత సంతకాలు పెట్టించుకునే రోజుల సంగతి పార్వతికి చెప్పాను. అవతలి క్లబ్బువాళ్ళు ఎగరేసుకుపోతారని మా క్లబ్బువాళ్ళు నన్ను ఒక బెంగాలీ ఇంట్లో దాచారు. వారం దాటింది. గుమ్మం దాటనివ్వలేదు. పూటపూటకీ చేప, మిఠాయి, గొళ్ళెం.

"అయితే ఆళ్ళు పెట్టింది తినడవేనా?"

తినడమే. ఫార్వర్డు బతుకే అంత – బంతి ఎవరో తెచ్చి ఇవ్వాలి, మనం సిద్ధంగా ఉండాలి. పార్వతి పడీ పడీ నవ్వింది.

నవంబరు 19

రేపు బండి. ఈ పుస్తకం ఇక్కడే, మంచం కింద ట్రంకు పెట్టెలో వదిలి వెళ్తాను. మెస్సులో గదికి నలుగురం, ఎవరి రాతయినా అందరూ చదువుతారు. ఇంటికి వచ్చినప్పుడే రాసుకోవాలి.

1977 మే 22

గోవా నుంచి. కలకత్తా వదిలేశాను, ఇప్పుడు ఓడల కంపెనీ టీము. ఇసకలో పరుగు, బొమ్మిడాయిల్లాంటి వేపుడు చేపలు, పోర్చుగీసు పేర్ల కుర్రాళ్ళు.

సుజాతకి ఏడాది నిండలేదు. ఎత్తుకుంటే ఆరున్నొక్క రాగం. పార్వతి వచ్చి తీసుకుంది. "కొత్త కదండీ..." అంది. కొత్తెవరికి? నాకా, దానికా?

మే 25

గోవా చేపల పులుసు గురించి అన్నం ముందు కూర్చుని పొగిడాను. కొబ్బరి, కోకం అనే పుల్లటి పండు. పార్వతి పులుసు గిన్నె నావైపు జరిపింది. మావయ్య మాత్రం "పొరుగింటి పుల్లకూర రుచి బాబూ" అన్నాడు. పెద్ద ముక్క నా కంచంలోనే పడింది.

మే 30

మావయ్యతో చక్కీ దగ్గర. "ఈ మనిషి ఇంట్లో ఉండడేటి?" అని ఎవరో అడిగారు. ఆయన జవాబు: "తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే... నా కాలు తిరుగుతూనే ఉంది, నిజమే. తిట్టే నోరు మాత్రం ఈ ఇంట్లో నాకింతవరకూ వినబడలేదు.

1979 జూన్ 11

పంజాబు నుంచి. గోధుమ పొలాల మధ్య గ్రౌండు, మిల్లు టీము. గోల్స్ బాగానే కొట్టాను. చెప్పుకోడానికి మనిషి దొరకలేదు.

జూన్ 13

మావయ్యకి ఆయాసం. చక్కీ ఇప్పుడు పార్వతే నడుపుతోంది. జుట్టంతా పిండి. ఎవరి డబ్బా ఏదో, ఎవరికి బరక, ఎవరికి మెత్తన – అన్నీ నోటికి వచ్చు. గోధుమ డబ్బా ఒకటి ఎత్తబోయాను.

"మీరెందుకండీ... కూర్చోండి."

కూర్చున్నాను. అదే కుర్చీ.

1982 ఫిబ్రవరి 8

మావయ్య లేడు. నేను కేరళలో ఉన్నాను, వెదురు గ్యాలరీల టోర్నమెంటు. టెలిగ్రాం అందేసరికి సెమీఫైనల్. ఆడలేదు, బయల్దేరాను. అయినా మూడో రోజుకి చేరాను. పార్వతి ఏడుపు అప్పటికే అయిపోయింది. నాకు కాళ్ళకి నీళ్ళిచ్చింది.

1983 జూలై 12

మళ్ళీ గోవా అయింది, వచ్చేశాను. సీజను చివర్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. ముప్పై దాటినవాడికి మర్యాదగా చెప్పే పద్ధతి అది. కలకత్తా, గోవా, పంజాబు, కేరళ, మళ్ళీ గోవా. ఎనిమిదేళ్ళు. ఇంత తిరిగినవాడు ఈ వీధిలో ఇంకొకడు లేడు. వీధి కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియనివాడు కూడా ఇంకొకడు లేడు.

జూలై 18

ఇక్కడి ఉక్కు ప్లాంటు టీము కోచ్ ఘోష్‌దా ఇంటికి వచ్చాడు. సూటిగా చెప్పాడు. ప్లాంటులో పక్కా ఉద్యోగం. కాని ఫార్వర్డుగా కాదు, స్టాపర్ బ్యాక్‌గా. గోలు కాసే గోలీ ముందు నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపడం. "ఇన్నాళ్ళూ దొంగతనం చేశావు, ఇప్పుడు కాపలా కాయి. దొంగ దారులు నీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాయి?" ఆగస్టు ఆఖరుదాకా టీముతో ఆడాలి. నచ్చితే తీసుకుంటారు.

ఆయన వెళ్ళాక పార్వతిని అడిగాను, ఏమంటావని.

"మీ ఇష్టవండీ."

చుట్టాన్ని కూడా ఇలాగే అంటారు – ఉంటే ఉండండి, వెళ్తే జాగ్రత్త.

జూలై 19

నాకు ఉండాలని ఉంది. ఇక్కడ రాసుకుంటున్నాను, నోటితో ఎవరికీ చెప్పలేదు. ఉండమని ఎవరైనా అంటే బాగుణ్ణు.

జూలై 23

ఈ ఇల్లు నేను లేకుండా ఎంత బాగా నడుస్తోందో చూస్తున్నాను. తెల్లారగట్ల నీళ్ళు, సుజా జడలు, బడి, చక్కీ, మధ్యాహ్నం బెల్టు పట్టా ఆపి, నునుపు తేలిన చక్కీ రాయి గీకడం, మళ్ళీ చక్కీ. నేను పట్టే ఖాళీ ఎక్కడా లేదు. ముందు నాకు వడ్డిస్తారు. వాళ్ళిద్దరూ తర్వాత వంటింట్లో తింటూ మాట్లాడుకుంటారు, నవ్వులు వినిపిస్తాయి. నా గ్లాసు వేరు – స్టీలుది, నా పేరు చెక్కించింది. ఎవరూ వాడరు.

సుజా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, "పాపా, ఆప్ ఈసారి కబ్ తక్ ఉంటారు?" అంది. ఏడేళ్ళు. ఎన్నాళ్ళుంటానని, బళ్ళో హెడ్‌మాస్టర్ని అడిగినట్టు.

ఆగస్టు 2

ప్రాక్టీసు. వింతగా ఉంది. ఇన్నేళ్ళూ మా టీము ముఖాలు చూసి ఆడాను – వాళ్ళు బంతి తెస్తుంటే నేను అవతలి గోలు దగ్గర. ఇప్పుడు అందరి వీపులూ కనిపిస్తున్నాయి. ఎవడు అలిశాడో, ఎవడు బద్ధకిస్తున్నాడో వెనకనుంచి తెలుస్తుంది. ఇక్కడికి బంతి ఎవరూ ప్రేమగా తెచ్చివ్వరు. ఎక్కడుంటే అక్కడికి పోవాలి. పైగా అరుస్తూ ఉండాలి. నాకు అరవడం రాదు.

ఆగస్టు 9

కాలు ఆగదు. బంతి దాటగానే నేనూ ముందుకి పోతున్నాను. మా గోలీ మన్‌హరణ్ ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాడు, గొంతు పోయేలా అరుస్తాడు. "భయ్యా, పీఛే! పీఛే!" ఇరవై ఏళ్ళవాడు నన్ను వెనక్కి రమ్మంటున్నాడు.

ఆగస్టు 16

ఇవాళ వానలో ఒక బంతి. ఆఖరి క్షణంలో తలతో బయటికి కొట్టాను. గోలు లైను మీద. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. మన్‌హరణ్ మాత్రం వీపు మీద ఒకటి చరిచాడు. గోల్ కొట్టినప్పటి సంతోషం కాదు ఇది, ఇంకేదో. ఇంటికొచ్చి పార్వతికి చెబుదామనుకున్నాను. లెక్క అడగడానికి ఎవరో వచ్చారు, ఆగిపోయాను.

ఆగస్టు 21

మందుల షాపు ఫోనుకి గోవా మేనేజరు. వాళ్ళ ఫార్వర్డుకి కాలు విరిగిందట. "నువ్వు రా. ఒక్క సీజను. నీ జాగాలోనే ఆడతావు." నా జాగా! ఆలోచించి చెప్తానన్నాను. అక్కడ నాకో జాగా ఉందని వినగానే గుండె పొంగింది, దాచుకోవడం దేనికి.

ఆగస్టు 28

నాగపూర్ టీముతో మ్యాచ్. మొదటి సగం గోడలా నిలబడ్డాను. తర్వాత ఒక బంతి వదులుగా దొరికింది, ఎదురుగా ఖాళీ. పోయాను. పాత కాలు, పాత దురద. మధ్యలో బంతి లాక్కున్నారు. నేను ఖాళీ చేసిన చోటునుంచే వచ్చి గోల్ కొట్టారు. ఓడిపోయాం. మన్‌హరణ్ వలలోంచి బంతి తీస్తూ నావైపు చూడలేదు. ఘోష్‌దా తిడతాడనుకున్నాను. తిట్టలేదు, తువ్వాలు అందించాడు.

ఇంట్లో పార్వతి వేణ్ణీళ్ళు పెట్టింది. "అలిసిపోయినట్టున్నారు." వంటింట్లోంచి సుజా గొంతు – "అమ్మా, పాపా ఎప్పుడు వాపస్ ఎల్తారు? నాకు మంచం కావాలి." అల్లరిగా కాదు. నిజంగానే కావాలి, దాని మంచం మీద నేను పడుకుంటున్నాను.

ఆగస్టు 29

దుర్గ్ పోయాను. పోస్టాఫీసునుంచి గోవాకి ట్రంక్ కాల్. వస్తున్నానని మాట ఇచ్చేశాను. అక్కణ్ణుంచి స్టేషనుకి – సెప్టెంబరు ఒకటి, బొంబాయి మెయిల్. టిక్కెట్టు చొక్కా జేబులో ఉంది. ఘోష్‌దా ఎలాగూ వద్దనే అంటాడు. నేనే ముందు తప్పుకుంటే పోలా.

పార్వతికి రేపు చెప్తాను.

ఆగస్టు 30

చెప్పలేదు. జరిగింది జరిగినట్టు రాయాలి.

వెళ్ళేలోగా ఒక్క పనైనా చేసిపెడదామనిపించింది. పార్వతి కుళాయి దగ్గర ఉంది. నేనే చక్కీ తలుపు తీశాను. ఎవరో గోధుమలతో నిలబడ్డారు. తొట్టిలో పోసి, స్విచ్చి వేసి, చక్కగా ఆడించి ఇచ్చాను. గర్వంగా కూడా ఉంది. వెనకాలే మా వీధి ఠాకూర్ చాచీ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, గుడ్డ సంచుల్లో ఎండు సింఘాడాలతో వచ్చారు. చెరువులో పండే ఆ ముళ్ళ కాయలు. చాచీ సంచీ తీసుకుని అదే రాయి మీద పోసేశాను.

పార్వతి రెండు చేతుల్లో బకెట్లతో వచ్చింది. రాయి కింద తెల్లటి పిండి చూసింది. పక్కన గోధుమ పొట్టు చూసింది. బకెట్లు దబ్బుమని కింద పెట్టింది.

"ఏటండీ ఈ పని! రేపు జన్మాష్టమి! ఈళ్ళందరూ ఉపాసం. ఆ పిండిలో గోధుమ గింజ తగిలితే ఉపాసం పోద్ది. ఈ ఒక్కరోజూ రాయి ఊడదీసి కడిగి, ముందు సింఘాడా ఆడించి, ఆనక గోధుమ. ఖుర్సీపార్లో సిన్నపిల్లకి తెలుసు! అడగడానికి నోరు లేదా మీకు? దేశాలన్నీ తిరిగేరు, ఇంట్లో రాయి ఎప్పుడు కడుగుతారో తెలీదు!"

పట్టా ఆగిపోయింది. వీధి వీధంతా వింటోంది. సుజా ఒక జడ వేసుకుని ఒక జడ విప్పుకుని గుమ్మంలో నోరు తెరిచి చూస్తోంది. నా చెవులు కాలిపోయాయి.

చాచీకే జాలేసింది. "జానే దో బహూ. మెహమాన్ హై బేచారా."

"మెహమాన్ ఏటి చాచీ? సుట్టాన్నయితే నేను తిడతానా? ఇకనించీ ఈ రాయి ఈయనే కడుగుతారు." నావైపు తిరిగి – "చూస్తారేటి? ఆ కొస పట్టండి."

పట్టాను. బోల్టులు విప్పి పై రాయి ఇద్దరం ఎత్తాం. ఎంత బరువో. నాలుగేళ్ళుగా తనెలా ఎత్తుతోందో. బ్రష్షు నా చేతిలో పెట్టి, ఎక్కడెక్కడ పిండి ఇరుక్కుంటుందో వేలితో చూపించింది. కోపం ఇంకా దిగలేదు, ముక్కు ఎర్రగా ఉంది. నీళ్ళు పోస్తూ కూడా గొణుగుతూనే ఉంది. పాడైన చాచీ సింఘాడాలకి బదులు పార్వతి మా ఇంట్లోవి ఇచ్చింది.

రాయి కడుగుతూ ఏడుపొచ్చింది నాకు. సిగ్గుతో కాదు. ఇంత సంతోషం కలకత్తాలో లక్షమంది అరిచినప్పుడు కూడా కలగలేదు. మావయ్య ఉంటే బాగుండేది.

చొక్కా తడిసింది. జేబులో టిక్కెట్టు గుర్తొచ్చి తీసి ఆరబెట్టాను... ట్రంకు పెట్టె వెనకాల, కనబడకుండా.

ఆగస్టు 31

ఘోష్‌దా మన్‌హరణ్ చేత కబురు పంపాడు. "కాగితాలు పట్టుకు రా. ఒక్క తప్పుకి మనిషిని వదిలేస్తామా?"

గోవాకి మాట ఇచ్చాను. అక్కడ కాలు విరిగినవాడి బదులు నా పేరు రాసుకుని ఉంటారు. జీవితంలో మాట తప్పి టీముని వదల్లేదు నేను. ఇక్కడ ఎవరికీ మాట ఇవ్వలేదు. నా దగ్గర మాట తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు, నన్నే తీసేసుకున్నారు.

మధ్యాహ్నం అన్నం. పార్వతి పరధ్యానంగా నా గ్లాసులో నీళ్ళు తాగేసింది. చూసుకుని నాలిక్కరుచుకుంది. నేను చూడనట్టు అన్నం కలుపుకున్నాను.

సెప్టెంబరు 1

చీకటుండగానే పార్వతి భుజం పట్టి కుదిపింది. "లెగండి, నీళ్ళొచ్చీసేయి."

లేచాను. కుళాయి దగ్గర వరస, నా ముందు నలుగురు. "ఎప్పుడు ఎల్తావు భయ్యా?" ఎవరో అడిగారు. నా వంతు వచ్చింది, బకెట్టు కుళాయి కింద పెట్టాను.

బండి మధ్యాహ్నం. టిక్కెట్టు ఆరింది, అక్షరాలు కొంచెం చెదిరినా చెల్లుతుంది. బట్టలు సగం సర్దాను, మళ్ళీ తీశాను. గోవాకి ఫోను చెయ్యాలన్నా, బండెక్కాలన్నా దుర్గ్‌కే పోవాలి. దారి ఒకటే.

చెప్పులు వేసుకుంటుంటే పార్వతి చక్కీ లోపల్నుంచే, తల ఎత్తకుండా –

"ఎక్కడికండీ? సాయంత్రం తొందరగా వచ్చీండి. రాయి గీకాలి, నా ఒక్కదాని వల్ల అవదు."

ఊఁ అన్నాను.

దేనికి ఊఁ అన్నానో ఇంకా నాకే తెలియదు. ఒక చెప్పు వేసుకుని, గట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను...