చదువుకు గడి లేదట

శారదా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంటర్ చదివే మన మనవరాలి లాంటి పిల్లల దిగులు మీద రీసెర్చ్ చేస్తానంటూ ఒకమ్మాయి ఫారం పట్టుకుని చిక్కడపల్లి ఇంటికొచ్చింది.

"ఫోన్ ఎన్ని గంటలు చూస్తది?"

"అరగంట. చదువు పద్నాలుగు గంటలు, అదీ రాసుకో."

"చదువుకు ఇందుల గడి లేదు తాతా. మాది ఫోన్ మీదనే."

ఒళ్ళు మండింది. నా తలనొప్పికి ట్రాన్సిస్టరే కారణమని బియ్యం డబ్బాలో దాచిన నువ్వే నయం. అయినా కళ్ళజోడు కూడా మార్పించి చూశావు.

ఆ అమ్మాయి గడప దాటగానే మన అబ్బాయి, ఫోనే రోగమంటూ, కూతురి ఫోన్ లాక్కున్నాడు. స్నేహితురాలితో మాట్లాడే ఆ అరగంటే అది రోజులో నవ్వేది.

బీరువాలోని నీ ఫోన్ తీసి దానికిచ్చేశాను. వాడడిగితే, "మీ అమ్మ ఇచ్చింది, వెళ్ళి ఆవిడనే అడగరా" అంటాను.