కనపడలేదని రాయాల్సింది

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ నేనూ తమ్ముడూ తింటున్నాం, పడుకుంటున్నాం. క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. చెల్లి, పసిది ఎలా ఉన్నారు? బాలింత చేత పనులు చేయించకు, నువ్వూ నడుం విరగ్గొట్టుకోకు.

నీ ఉత్తరం అందింది. "నువ్వు తోసే ఆ బండి నేల లోపల చూస్తుందంటావు, మరి తమ్ముడి చెయ్యెందుకు కాలింది? వాడి దూకుడే కదా? ఇక వాడితో మాట్లాడను" అని రాశావు. చెబుతాను.

ఆ బండిలో ఉండేది రాడార్. మామూలు రాడార్ ఒకే గొంతుతో కేకేసి, తిరిగొచ్చే చప్పుడు వింటుంది. మాది వైడ్‌బ్యాండ్. కీచు గొంతు నుంచి బొంగురు గొంతు దాకా అన్నిటితో అరుస్తుంది. అందుకే బెత్తెడు ఎడంలో ఉన్న రెండు గొట్టాలనూ విడివిడిగా చూపిస్తుంది, గునపం దించకుండానే! మొదటిసారి చూసి చప్పట్లు కొట్టాను. కానీ ఆ మహాతల్లికి తడి పడదు. బంకమట్టి నానిందంటే కేకంతా మట్టే మింగేస్తుంది. దగ్గర్లో సెల్ టవర్ ఉంటే దాని రొద కూడా నెత్తిన వేసుకుంటుంది.

ఆ రోజు, మూడు రోజులు కురిసిన వాన అప్పుడే వెలిసింది. తెరమీద మోకాలి లోతు దాటాక అంతా మసక. "అంతకు కింద కనపడలేదు" అని రాయాలి. అలా రాస్తే నేల ఆరాక మళ్ళీ రావాలి. మేస్త్రీ తొందరపెడుతున్నాడు, నాకూ విసుగొచ్చింది. "కింద ఏమీ లేదు" అని రాసి సంతకం గీకాను. ఆ కాగితం నమ్మి చిన్నోడు పొక్లెయిన్‌తో తవ్వాడు. ఏదో తగిలిందని దిగి చూడబోతే కరెంటు కేబుల్ భగ్గుమంది.

తొందరపడి తవ్వాడని వాణ్ణి పనిలోంచి తీసేశారు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. పది రోజులమ్మా! సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ ఉదయం ఆఫీసులో జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఇంటికొచ్చి, వాడికి ముద్దలు కలిపి పెడుతూ చెప్పాను. వాడు నమలడం ఆపాడు.

"మట్టి పిడికిట్లో పిండితే నీళ్ళు కారాయి అన్నయ్యా. నిన్ను ఇంకోసారి అడుగుదామనుకున్నా. సంతకం చూసి, మా అన్న రాశాడు కదా అని అడగలేదు" అన్నాడు.

ఒక్క తిట్టయినా తిట్టలేదు. ఆ పని నువ్వు చెయ్యి. వాడికి మాత్రం వేరే ఉత్తరం రాయమ్మా. పోస్టు వచ్చే వేళకి రోజూ గుమ్మం దాకా వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొస్తున్నాడు.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని
నీ పెద్దోడు