ఆరు నెలల గడువు

ఏమండీ, కింద క్యాబ్ హారన్ కొడుతోంది. నేను ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతున్నాను, మీరు రావద్దు. మీ పాస్‌పోర్టుకి ఇంకా నాలుగు నెలలే గడువుంది. ఆరు నెలలైనా లేకపోతే విమానం ఎక్కనివ్వరు. టూర్ బుక్ చేసేముందే తేదీ చూసుకోవాలి. పోయినేడు నా పాస్‌పోర్టుకి ఇలాగే అయితే, కౌంటర్ దగ్గర అందరి ముందూ మీరు నాకు చెప్పిన పాఠమే ఇది. "ఇద్దరి టికెట్లూ దండగెందుకు, నువ్వు ఇంటికెళ్ళు" అని చెయ్యి ఊపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఈసారి మీ తేదీ నేను బుకింగ్ రోజే చూశాను. కావాలనే నోరు మెదపలేదు. రెన్యూవల్ కాగితాలు టీవీ పక్కన పెట్టాను, ఫొటోలు మాత్రం కొత్తవి తీయించుకోండి.

తా.క. ఈ చీటీని ఫ్రిజ్‌కి అంటించిన అయస్కాంతం, పోయినేడు ఆ టూర్ నుంచి మీరు నాకోసం తెచ్చిందే. దానికి జత తెస్తాను.