సిర్వేల్ అని రాయాల్సింది

జేజినాయనా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. పాత సర్కారు కాగితాలను ఇప్పుడు కంప్యూటర్లో అందరికీ చూపిస్తున్నారు. నిన్న నంద్యాల నెట్ సెంటర్లో మన ఊరి పేరు కొట్టాను. సిరివెళ్ల అంటే ఏమీ రాలేదు. నువ్వు చెప్పినట్టు ఇంగ్లీషులో సిర్వేల్ అని కొడితే వచ్చింది. మన పేటకు బడి కావాలని మీ నాయన, అంటే నా ముత్తాత, పేట వాళ్లతో కలిసి పెట్టుకున్న అర్జీ.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దాని నకలు కోసం మనిద్దరం రికార్డాఫీసుకు వెళ్లాం. దరఖాస్తు నేనే రాశాను.

"తెల్లోళ్లు సిర్వేల్ అని రాస్తాండిరంట పాపా. నువ్వూ అట్నే రాయి."

"ఆ స్పెల్లింగు తప్పు," అన్నాను. కాన్వెంటు చదువు మరి.

అందరూ వేలిముద్రలు వేస్తే మీ నాయన ఒక్కడే సంతకం పెట్టాడని నువ్వు చెబితే గుమాస్తా నవ్వాడు. "ఏందప్పా పెద్దాయనా, సంతకం పెట్టేకి మీ నాయనేమన్నా కలెక్టరా?"

"కూలోడే సారూ. పేరు రాసేది నేర్చుకున్న్యాడు."

గుమాస్తా నేను రాసిన సిరివెళ్ల పేరుతో వెతికి, అలాంటి కాగితమే లేదన్నాడు.

సంతకం ఉంది జేజినాయనా. వేలిముద్రల కింద, తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా.

మంచాన పడ్డాక ఒకరోజు నువ్వే అన్నావు, "మా నాయనది గూడా ఏలిముద్రేనేమో పాపా" అని. నిన్ను నమ్ముతున్నానని చెప్పడానికి నాకు ఏ కాగితమూ అక్కర్లేదు. అయినా ఆ రోజు తల వంచుకుని పుస్తకం చదువుకుంటూ కూర్చున్నాను.